మూత మీద ఒకటి, మూత కింద ఒకటి

సర్వీసు నుంచి ఇంటికొచ్చిన రోజు కారుకి పెళ్లికూతురి కళ వస్తుంది. కాళ్ల కింద కాగితం, డ్యాష్‌బోర్డు మీద పాలిష్ వాసన, సీటుకి ప్లాస్టిక్ తొడుగు. ఆ కళ చూస్తూ ఎవరూ బిల్లు చదవరు. కింద అంకె చూసి, నిట్టూర్చి, మడతపెట్టి గ్లవ్‌బాక్సులో పడేస్తారు. చదివే అలవాటున్న దురదృష్టవంతుడికి మాత్రం మధ్యలో ఎక్కడో ‘ఇంజన్ ఆయిల్ 5డబ్ల్యూ-30, 3.5 లీటర్లు’ అని కనిపిస్తుంది. అనుమానమొచ్చి బానెట్ ఎత్తితే, ఆయిల్ పోసే నల్ల మూత మీద ‘0డబ్ల్యూ-20’ అని, అంటే అంతకంటే పల్చటి ఆయిల్ గ్రేడు, పెద్ద అక్షరాలతో అచ్చొత్తి ఉంటుంది. పోసిన కుర్రాడు ఆ మూతనే చేత్తో తిప్పి తీశాడు, పక్కన పెట్టాడు, పోశాడు, మళ్లీ బిగించాడు. మూత చదవమని జాబ్ కార్డులో ఎవరూ రాయలేదు మరి.

ఫోన్ చేస్తే సర్వీస్ అడ్వైజర్ గొంతులో తొణుకూ బెణుకూ ఉండదు.

“ఏం కాదు సార్. మన ఎండలకి కొంచెం చిక్కటి ఆయిలే మంచిది.”

“మరి కంపెనీవాళ్లు పుస్తకంలో పల్చటిది ఎందుకు రాశారయ్యా?”

“అది చలి దేశాలకి సార్.”

పుస్తకం హిందీలోనూ ఇంగ్లిషులోనూ ఇండియా కోసమే అచ్చయిందన్న సంగతి ఆయనకి చెప్పి లాభం లేదు. అసలు కథ వేరే ఉంది. షెడ్డు మూల 200 లీటర్ల పైచిలుకు పీపా ఒకటి ఉంటుంది, దానికి మీటరున్న గొట్టం ఉంటుంది. పాత మోడళ్లు ఎక్కువగా వచ్చే షెడ్డులో ఆ పీపాలో ఉన్నదే అన్ని బళ్లకీ తీర్థం. 0డబ్ల్యూ-20 డబ్బాలు స్టోర్‌రూములో తాళం వెనక ఉంటాయి, ఇండెంటు రాస్తేగానీ రావు. సాయంత్రం ఆరింటికి డెలివరీ ఇస్తామని మాటిచ్చిన బండికి ఇండెంటు రాసే ఓపిక ఎవరికుంటుంది?

ఎండల వాదన సంగతి తేల్చాలి. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఇంజన్ తిరగడానికి సంబంధించింది. 0డబ్ల్యూని మైనస్ 35 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర. మన లంబసింగి ఎంత వణికించినా సున్నా దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, ఇక్కడ ఎవడి ఇంజనూ గడ్డకట్టదు. అయినా ఆ అంకె దండగేం కాదు. తెల్లవారుజామున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పల్చటి ఆయిల్ పైన వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా చప్పున ఎక్కుతుంది. 40 డిగ్రీల దగ్గర 0డబ్ల్యూ-20 చిక్కదనం 45 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే లెక్క, అంకె పెరిగితే చిక్కన) అటూఇటూ ఉంటే, 20డబ్ల్యూ-50ది 160 దాటుతుంది. రెండో అంకె 100 డిగ్రీల దగ్గరి లెక్క. 20 అంటే 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ లోపు, 30 అంటే 12.5 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. రామగుండం ఎండలో 46 డిగ్రీలున్నా, డిసెంబరులో 15 ఉన్నా, థర్మోస్టాట్ పుణ్యాన వేడెక్కిన ఇంజన్‌లో ఆయిల్ ఇంచుమించు 100 దగ్గరే తిరుగుతుంది. బయటి ఎండకి చెమట పట్టేది అడ్వైజర్‌కే, బేరింగులకి కాదు.

అయితే పెట్రోలు కారులో 20 బదులు 30 పడితే కొంప మునుగుతుందా? మునగదు. చాలా మోడళ్ల పుస్తకాల్లో ‘0డబ్ల్యూ-20 దొరకకపోతే 5డబ్ల్యూ-30’ అని కంపెనీయే రాసి ఉంటుంది. ఆ పేజీ చూసుకోకుండా గొడవకి వెళ్తే మన పరువే పోతుంది. మైలేజీ ఓ పిసరు తగ్గుతుంది, అంతే. అదే ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే మాత్రం గట్టిగా గొడవ పెట్టుకోవాల్సిందే. సన్నటి ఆయిల్ దారులతో వాల్వుల టైమింగ్ మార్చుకునే ఇంజను అది, చిక్కటి ఆయిల్‌తో సకాలంలో స్పందించదు. చల్లటి ఇంజన్‌లో ఫిల్టర్ బైపాస్ వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిలే లోపలికి వెళ్తుంది. దీనికి తిరగేసిన ప్రమాదమూ ఉంది. 20డబ్ల్యూ-50 తాగి పెరిగిన పాత ఇంజన్‌లో ‘కొత్త టెక్నాలజీ సార్’ అని 0డబ్ల్యూ-20 పోస్తే, వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆయిల్ ప్రెషర్ దీపం మినుకుమంటుంది, ట్యాపెట్లు టకటకమంటాయి.

డీజిలు వాళ్ల కష్టం ఇంకా చిత్రమైనది. అక్కడ అంకె సరిగ్గానే ఉంటుంది, ఆయిలే తప్పు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 (బండి పొగ మీద ప్రభుత్వ ప్రమాణం) డీజిళ్లలో పొగగొట్టానికి మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. వీటిలో చాలావాటికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్, అంటే డబ్బా మీద యూరప్ కార్ల కంపెనీల సంఘం ప్రమాణం ఏసీఈఏ సీ2 అనో సీ3 అనో ఉన్నది కావాలి. మామూలు 5డబ్ల్యూ-30 పోసినా బిల్లు మీద అంకె కలిసిపోతుంది, అందరూ సంతోషిస్తారు. మసిని ఆ ఫిల్టరు 600 డిగ్రీల దగ్గర కాల్చేసుకుంటుంది. ఆయిల్ సంకలనాల (అందులో కలిపే రసాయనాల) బూడిద కాలదు, పేరుకుంటూనే ఉంటుంది. ఫిల్టరు మార్చాలని చెప్పే రోజుకి ఆ అడ్వైజర్ వేరే బ్రాండు షోరూములో చేరి ఉంటాడు.

అసలు నవ్వులపాలు చేసేది మోటార్‌సైకిల్. బైకు క్లచ్ పలకలు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. అందుకే జపాన్ వాళ్ల జాసో ప్రమాణం ప్రకారం ఎంఏ లేదా ఎంఏ2 ఆయిల్ కావాలి. ఎంబీ అన్నది జారుడు ఎక్కువున్న స్కూటర్ రకం. స్కూటర్లో క్లచ్ పొడిగా బయట ఉంటుంది కాబట్టి దానికి ఏ బాధా లేదు. రెండింటి మీదా 10డబ్ల్యూ-30 అనే ఉంటుంది, తేడా ఆ చివరి అక్షరంలోనే. ఎంబీ గానీ, జారుడు సంకలనాలున్న కారు ఆయిల్ గానీ బైకులో పడిందనుకోండి, ఇంట్లోంచి బాగానే బయల్దేరుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ విమానంలా అరుస్తుంది, బండి మాత్రం ఆలోచించి చెప్తానంటుంది. వెనక కూర్చున్న బావమరిది ‘బరువెక్కానా బావా?’ అని నొచ్చుకుంటాడు. ఈ దశలో ఆపేసి, ఆయిల్ దించి, ఎంఏ2 పోసి, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మరోసారి మారిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. అలాగే తోలుతూ పోతే పలకలు కాలి నున్నబడతాయి, అప్పుడు క్లచ్ పలకల సెట్టు మార్చాల్సిందే.

పోసింది తప్పని తేలాక కౌంటర్ దగ్గర కేకలేస్తే టీ ఇస్తారు, పని చెయ్యరు. మూత ఫొటో, పుస్తకంలో ఆ పేజీ ఫొటో, బిల్లు ఫొటో మూడూ కలిపి మెయిల్ పెట్టాలి, కొత్త జాబ్ కార్డులో ‘తప్పు గ్రేడు, ఉచితంగా మార్పు’ అని రాయించాలి. రేపు వారంటీ దగ్గర మాటలు నిలవవు, కాగితమే నిలుస్తుంది. అప్పటికీ ‘ఏం కాదు సార్’ అంటుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది.

మార్చేటప్పుడు పక్కనే నిలబడాలి. ఇంజన్ గోరువెచ్చగా ఉండగా దించాలి. కింది బోల్టుకి కొత్త వాషరు వెయ్యాలి. ఫిల్టరూ మార్చాలి, ఎందుకంటే పాతదాని కడుపులోనే కొంత తప్పుడు ఆయిల్ దాక్కుని ఉంటుంది. లోపల మూలల్లో మిగిలే కాస్తా కొత్తదాంట్లో కలిసిపోతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ‘ఇంజన్ ఫ్లష్ కూడా వేసేద్దామా సార్?’ అని అడుగుతారు. వద్దనండి. తప్పు వాళ్లది, ఫ్లష్ బిల్లు మనదా? ఇక వేళ్ల మధ్య ఆయిల్ రుద్ది ‘గ్రేడ్ కరెక్టే’ అని తీర్పిచ్చే సీనియర్ మెకానిక్‌కి నమస్కారం పెట్టి, సీలున్న డబ్బా మన ఎదుటే తెరవమనాలి. రంగును బట్టీ జిడ్డును బట్టీ గ్రేడు చెప్పగలవాడు ఇంకా పుట్టలేదు.

ఇంతా చేశాక చివరి గండం కొలత. పుస్తకంలో ఫిల్టరుతో కలిపి 3.1 లీటర్లని ఉంటుంది, డబ్బా 3.5ది.

“మిగిలింది పారెయ్యడం ఎందుకని మొత్తం పోసేశాం సార్, డబ్బులు మీవే కదా!”

మనమీద ప్రేమే, కాదనలేం. కానీ ఆ అదనపు 400 మిల్లీలీటర్లు ఎక్కువై క్రాంక్‌షాఫ్ట్ కవ్వం పెట్టేసిందంటే నురగ లేస్తుంది. నురగని పంపు సరిగ్గా తోడలేదు, కొంత ఇన్‌టేక్‌లోకి వెళ్లి పొగవుతుంది. సమతలంగా ఉన్నచోట బండి నిలిపి, ఇంజన్ ఆపి ఐదు నిమిషాలాగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ ముంచి చూడండి. పై గీత దాటితే ఎక్కువైంది తీయించేయండి. మిగిలిన ఆయిల్‌ని డబ్బాతో సహా అడిగి డిక్కీలో పెట్టించుకోండి, అడక్కపోతే అది వేరే బండి బిల్లులోకి ఎక్కుతుంది.