ఆ ఎర్ర లైట్ సంగతి ఒక్క మాట చెప్తే ఏం పోయేది?

పొద్దున చిట్యాల దగ్గర కారు ఆగిపోయింది. కంటి ఆపరేషన్ అయిన అమ్మను చెకప్‌కు హైదరాబాద్ తీసుకెళ్తున్నా. నార్కట్‌పల్లి దాటాక బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. చిట్యాలలో చూపిద్దాంలే అనుకున్నా, అంతదూరం రానివ్వలేదు. ఏసీ గాలి తగ్గింది, స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది, ఇంజిన్ బంద్. 65వ నంబర్ హైవే మీద లారీలు రయ్యిమని పోతుంటే, నల్లద్దాలు పెట్టుకున్న అమ్మను చెయ్యి పట్టి దించి, నీడ లేని చోట నలభై నిమిషాలు నిలబెట్టాను. ఆ కోపం ఇంకా దిగలేదు.

మొన్న దేవరకొండ పెళ్లికి కారు తీసుకెళ్లింది మా మేనల్లుడు. ఫోన్ చేసి అడిగితే, "అవును మామా, ఎర్ర లైట్ రెండు మూడు సార్లు వెలిగి ఆరిపోయింది. బండి బాగానే నడిచింది కదా అని చెప్పలేదు" అన్నాడు. నడుస్తుంది మరి! ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసేది ఆల్టర్నేటర్. అది చార్జింగ్ ఇవ్వకపోయినా, బ్యాటరీలో ఉన్నంతసేపు నడుస్తుంది. అది అయిపోయిన చోట ఆగుతుంది. అక్కడ మా అమ్మ ఉంది.

"నీకేంది, ఇంట్లో మూడు బండ్లున్నయ్" అంటారు అందరూ. మూడు బండ్లంటే మూడు ఇన్సూరెన్సులు, మూడు పొల్యూషన్ సర్టిఫికెట్లు, నడిపినా నడపకపోయినా దిగిపోయే మూడు బ్యాటరీలు. ఇంట్లో ఉన్న మారుతీ 800 తీసుకురమ్మని తమ్ముడికి ఫోన్ చేస్తే, ఇరవై రోజులుగా కదలని బండి టక్ టక్‌మని ఊరుకుంది. ఇక మిగిలింది సామాన్లు వేసే ట్రాలీ బండి. కంటికి దుమ్ము తగలొద్దన్న మనిషిని అందులో ఎట్లా ఎక్కిస్తాం?

హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే క్రేన్ వచ్చి చిట్యాలలో దింపింది. అక్కడి మెకానిక్ బానెట్ ఎత్తి, ఏదీ విప్పకుండానే, "ఆల్టర్నేటర్ పోయింది సార్, మొత్తం మార్చాలి, పదకొండు వేలు" అన్నాడు. విప్పి చూపించమంటే విసుక్కున్నాడు. వేరే బ్యాటరీ కిరాయికి పెట్టించుకుని, ఏసీ వేయకుండా వెనక్కి నల్లగొండ తెచ్చా. మా ఆటో ఎలక్ట్రీషియన్ అన్న విప్పితే పోయింది రెండు కార్బన్ బ్రష్‌లు, ఆల్టర్నేటర్ లోపల తిరిగే భాగానికి ఆనుకుని కరెంట్ అందించే చిన్న ముక్కలు. పాత ముక్కలు నా అరచేతిలో పెట్టాడు. అరిగి అరిగి చింతగింజలో సగం కూడా లేవు. పక్కన కొత్తవి పెట్టి, ఎంత అరిగాయో చూపించాడు. మొత్తం 650 రూపాయలు. పాత సామాను చేతికివ్వని షాపుకు మళ్లీ బండి ఇవ్వకండి, అంతే.

ఈ చెప్పకపోవడం మా ఇంట్లో కొత్తది కాదు. రెండేళ్ల కింద మా బావమరిది ట్రాలీలో బియ్యం బస్తాలు వేసుకుని మిర్యాలగూడ నుంచి వచ్చాడు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోయి, టెంపరేచర్ ముల్లు పైకి పోయినా ఆపలేదు. తాళం గోడకు తగిలించి, టీ తాగి వెళ్లిపోయాడు. తెల్లారి స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ. ఆయిల్ మూత తీస్తే లోపల చిక్కటి మజ్జిగలా పేరుకుని ఉంది. ఇంజిన్‌లో నీళ్లు, ఆయిల్ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయి, ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. మూడు వారాలు షెడ్డులోనే. ఖర్చు నాది. అడిగితే, "చెప్తే బాధపడతారని బావా" అన్నాడు. చెప్పకపోతే బాధ లేదా?

మా బాపు ఉన్నప్పుడు మారుతీ డాష్‌బోర్డులో చిన్న నోట్‌బుక్ ఉండేది. బండి ఎవరు తీసుకెళ్లినా వచ్చాక తారీఖు, కిలోమీటర్లు, ఏదైనా చప్పుడు వచ్చిందా, ఏ లైట్ వెలిగింది, అన్నీ రాయాలి. మేం చాదస్తం అనుకునేవాళ్లం. 2014 జనవరిలో ఆ మోడల్ తయారీనే ఆగిపోయింది, మా బండి ఇంజిన్ మాత్రం ఇప్పటికీ విప్పాల్సిన పని పడలేదు. ఈ సాయంత్రం ఆ నోట్‌బుక్ వెతికి తీశా. తాళం కావాలంటే ఇకనుంచి ముందు అందులో సంతకం పెట్టాలి. బావమరిది అయినా, మేనల్లుడైనా.

అమ్మ చెకప్ శుక్రవారానికి మారింది.