తెనాలి ఆర్థిక సంఘం మధ్యంతర నివేదిక

దేశానికి ఒక ఆర్థిక సంఘం ఉంది. దానిని రాష్ట్రపతి అయిదేళ్లకొకసారి నియమిస్తారు. తెనాలి బస్టాండు దగ్గరి టీ కొట్టులో ప్రతి సాయంత్రం ఆరున్నరకు కొలువుదీరే ఆర్థిక సంఘాన్ని మాత్రం ఎవరూ నియమించలేదు, కనుక ఎవరూ రద్దు చేయనూ లేరు. మహేష్ బాబు కథానాయకుడిగా రాజమౌళి తీస్తున్న ‘వారణాసి’ జయాపజయాలను విడుదలకు ముందే తేల్చివేసి, ఆ బెంగ నిర్మాతకు లేకుండా చేయడం ఈ సంఘం తనంతట తానుగా నెత్తికెత్తుకున్న బాధ్యత. కథానాయకుడి తండ్రి కృష్ణగారి సొంత ఊరైన బుర్రిపాలెం ఇక్కడికి కూతవేటు దూరంలోనే ఉంది కనుక, ఈ వ్యవహారంలో తీర్పు చెప్పే అధికారం హైదరాబాదు కంటే తమకే ఎక్కువని సభ్యుల దృఢ విశ్వాసం. ఎరువుల కొట్టు గుమస్తా ఒకరు, సెల్‌ఫోన్లు బాగుచేసే యువకుడొకడు, పాలిటెక్నిక్ చదివే కుర్రవాడొకడు, పదవీ విరమణ చేసిన సర్వేయరుగారు శాశ్వత సభ్యులు. నేను పక్క బల్ల మీద కూర్చునే పరిశీలకుణ్ణి. నాకు ఓటు లేదు.

2025 నవంబరు 15న రామోజీ ఫిల్మ్ సిటీలో చిత్రం పేరు ప్రకటించిన నాటి నుంచి సంఘం ప్రధానంగా వ్యయం మీదనే దృష్టి నిలిపింది. చిత్రం జమాఖర్చుల పుస్తకాలు తెనాలి దాకా రాకపోవడం లెక్క కట్టడానికి అడ్డు కాలేదు సరికదా, ఎంతో వెసులుబాటు కలిగించింది. మొదటి టీ నాటికి 1000 కోట్లున్న వ్యయం రెండో టీకి 1300 కోట్లయింది. ఒక వానాకాలపు సాయంత్రం, వేడి పకోడీ కూడా తోడైన సందర్భంలో, అది 1500 కోట్ల గట్టు దాటడం నేను కళ్లారా చూశాను. “అంతేనా?” అని పాలిటెక్నిక్ కుర్రవాడు పెదవి విరిచినప్పుడు గుమస్తాగారి ముఖం చిన్నబోయింది. ఆడపిల్ల పెళ్లికి తక్కువ ఖర్చుపెట్టాడని నలుగురిలో మాటపడ్డ తండ్రి ముఖం అచ్చం అలాగే ఉంటుంది.

ఇక్కడ సంఘం అర్థశాస్త్రానికి చేసిన మౌలికమైన సేవను గుర్తించకపోతే నేను కృతఘ్నుణ్ణవుతాను. ఊరి కాలువ మీద వంతెన అంచనా వ్యయం రెట్టింపయితే దానిని మనం కుంభకోణం అంటాము. బావమరిది తాహతుకు మించి అప్పు తెచ్చి మేడ కడితే బుద్ధితక్కువ అంటాము. సినిమా అంచనా వ్యయం రెట్టింపయితే మాత్రం దానిని ‘రేంజ్’ అంటాము. ఖర్చు అనేది సాధించవలసిన లక్ష్యమనీ, ఆదాయమన్నది ఆ తరువాత దానంతటదే సిగ్గుపడి రావలసిన వస్తువనీ కౌటిల్యుడికి కూడా తోచలేదు. అవతలి హీరో సినిమాకు 600 కోట్లయితే మనవాడి సినిమాకు 1500 కోట్లయింది. కనుక సినిమా తీయడం పూర్తికాక ముందే మనం 900 కోట్లతో గెలిచాము. ఈ గెలుపును ఏ సమీక్షకుడూ తారుమారు చేయలేడు.

సర్వేయరుగారిది వేరే సంప్రదాయం. ఆయన 1986లో కృష్ణగారు స్వీయ దర్శకత్వంలో తీసిన తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రం ‘సింహాసనం’ కోసం వరుసలో నిలబడి చొక్కా చింపించుకున్న మనిషి. ఆయన కాలంలో కోట్లు లేవు, రోజులున్నాయి: ఎన్ని కేంద్రాలలో 50 రోజులు, ఎన్ని కేంద్రాలలో 100 రోజులు. ఆ లెక్కలో ఒక సుఖముండేది; అనుమానమున్న వాడు సైకిలెక్కి హాలు దాకా పోయి, సినిమా ఆడుతున్నదో లేదో చూసి రావచ్చు. ఆడకపోయినా ఆడించే మార్గముండేదని ఆయనే ఒప్పుకున్నారు. తొంభయ్యో రోజున హాలు ఖాళీగా ఉంటే అభిమానులే చందాలు వేసుకుని, టిక్కెట్లు కొని, బల్లులకూ గబ్బిలాలకూ సినిమా చూపించి వంద పూర్తి చేసేవారట. “అది మోసం కదా బాబాయ్?” అని సెల్‌ఫోన్ల యువకుడు అడిగితే, “మోసమేమిట్రా, మా డబ్బులు పెట్టి మేము ఆడించుకున్నాము. మీరు రూపాయి పెట్టకుండా పోస్టరు మీద సున్నాలు పెడుతున్నారు” అని ఆయన బదులిచ్చారు. ఈ మాటను సంఘం రికార్డుల నుంచి తొలగించింది.

సున్నాల విషయానికి వస్తే, సంఘం దగ్గర రెండు త్రాసులున్నాయి. ఒకటి గ్రాస్, రెండవది షేర్. ప్రేక్షకుడు టిక్కెట్టుకు చెల్లించిన మొత్తమంతా గ్రాస్. అందులో నుంచి జీఎస్టీ పోగా, 100 రూపాయలు దాటిన టిక్కెట్టు మీద అది 18 శాతం, హాలు వారి అద్దె కూడా పోగా, పంపిణీదారుడి చేతికి మిగిలేది షేర్. బయ్యరు బతికేదీ చచ్చేదీ ఈ రెండో అంకె మీదనే. శాస్త్రం ఇంత సరళంగా ఉన్నప్పటికీ వినియోగంలో సూక్ష్మముంది: మన హీరో చిత్రాన్ని ఎల్లప్పుడూ గ్రాస్‌లో తూచవలెను, అవతలి హీరో చిత్రాన్ని షేర్‌లో తూచవలెను. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర మొదలుకొని గుంటూరు, నెల్లూరు వరకు ఏ ఏరియా ఎంతకు అమ్ముడుపోవాలో గుమస్తాగారు నోటికి చెప్పగలరు. ఆయన కొట్టులో యూరియా బస్తాలు ఎన్ని మిగిలాయన్నది మాత్రం చీటీ చూస్తే గాని చెప్పలేరు.

టిక్కెట్టు ధర గురించి సంఘం వైఖరి మరింత ఉదాత్తమైనది. 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ విడుదలకు ముందు రోజు రాత్రి ఆటకు టిక్కెట్టు మీద అదనంగా 800 రూపాయలు వసూలు చేసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మన చిత్రానికి అంతకు తక్కువ పెంచితే అది తెలుగుజాతి మొత్తానికి జరిగే అవమానమని పాలిటెక్నిక్ కుర్రవాడు తీర్మానం ప్రవేశపెట్టాడు. ఈ కుర్రవాడు టమాటా కిలో అరవై అయితే ధర్నాకు వెళ్లే కుటుంబం నుంచి వచ్చాడు. తన జేబు నుంచి పోయే ప్రతి నోటూ తన హీరో ఖాతాలో రికార్డుగా జమ అవుతుందన్న ఎరుక ఉన్నవాడికి దోపిడీ కూడా హుండీలో వేసిన కానుకలాగే కనిపిస్తుంది.

ఇక అసలు ప్రశ్న. చిత్రం ఆడుతుందా? ఈ ప్రశ్న అడిగిన పాపానికి నాకు ఆ రోజు టీ ఆలస్యంగా వచ్చింది. 2001 నుంచి ‘ఆర్ఆర్ఆర్’ దాకా రాజమౌళి తీసిన పన్నెండు చిత్రాలలో పరాజయమన్నది లేదు. 2017లో ‘బాహుబలి 2’ 1000 కోట్ల గ్రాస్ దాటిన తొలి భారతీయ చిత్రమయింది. కనుక ఆడుతుందా అన్నది అజెండాలోనే లేదు. ‘నాటు నాటు’కు ఆస్కారు వచ్చింది కాబట్టి ఈసారి ఉత్తమ నటుడి ఆస్కారు కూడా ఖాయమే. దానిని అందుకునేటప్పుడు హీరోగారు జుట్టు పొడుగ్గా ఉంచుకోవాలా, కత్తిరించుకోవాలా అన్న దానిపైనే సభ్యులలో ఏకాభిప్రాయం కుదరలేదు.

అయితే ఇంత నిశ్చింతలోనూ సంఘాన్ని రాత్రిళ్లు నిద్రపోనివ్వని భయమొకటుంది. అది ఈ చిత్రం గురించి కాదు, దీని తరువాతి చిత్రం గురించి. రాజమౌళితో విజయం అందుకున్న హీరోకు ఆ వెంటనే దెబ్బ తగులుతుందన్నది పరిశ్రమలో పాత నమ్మకం. ‘సింహాద్రి’ తరువాత ‘ఆంధ్రావాలా’, ‘మగధీర’ తరువాత ‘ఆరెంజ్’, ‘ఆర్ఆర్ఆర్’ తరువాత ‘ఆచార్య’ అని గుమస్తాగారు వేళ్లు మడిచారు. ‘ఆర్ఆర్ఆర్’ తరువాత ఎన్టీఆర్ చేసిన ‘దేవర’తో ఆ శాపం తీరిపోయిందని ఎవరో అనబోతే, అది గ్రాస్‌లో తీరిందా, షేర్‌లో తీరిందా అన్న వివాదం గంటసేపు నడిచింది. చివరకు సర్వేయరుగారే ఉపాయం చెప్పారు. కొత్త ఇంటికి దిష్టి గుమ్మడికాయ కట్టినట్టుగా, ‘వారణాసి’ అయిన వెంటనే మన హీరో ఓ చిన్న సినిమా చకచకా చేసి వదిలేయాలి. వచ్చే దెబ్బేదో అదే తింటుంది. ఆ పైన వచ్చే పెద్ద సినిమా క్షేమంగా ఉంటుంది.

ఉపాయం అందరికీ నచ్చింది. తీర్మానం దాదాపు ఏకగ్రీవమయ్యేదే. కాని ఆ దిష్టి సినిమాకు ఓ ముప్పై కోట్లు చాలునని సర్వేయరుగారు అనడంతో పాలిటెక్నిక్ కుర్రవాడు గ్లాసు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు. ఫ్లాపు కావలసిన సినిమాయే కావచ్చును గాక, మన హీరో స్థాయికి కనీసం 300 కోట్లయినా పెట్టకపోతే రేపు అవతలివాళ్ల ముందు తలెత్తుకు తిరగడమెలా అని అతడు నిలదీశాడు. 300కు, 400కు మధ్య బేరం ఇంకా తెగలేదు.