సన్నగా ఉన్నవారిని వదిలేస్తున్న తూకం

విశాఖలో ఏ కంపెనీ ఆరోగ్య శిబిరం పెట్టినా, ఏ కాలనీ సంఘం పెట్టినా వరుస ఒకటే. ఎత్తు, బరువు రాసుకుంటారు. బీపీ చూస్తారు. వేలి చివర నుంచి రక్తపు చుక్క తీస్తారు. లావుగా ఉన్నవారికి అక్కడికక్కడే నాలుగు హితబోధలు దక్కుతాయి. సన్నగా ఉన్నవారు మాత్రం "మీకేం సార్, మీరు బాగానే ఉన్నారు" అనిపించుకుని బయటపడతారు. నడుము చుట్టూ టేపు పెట్టి చూసేవారు అరుదు. నా అభ్యంతరమంతా ఆ "మీకేం" మీదే.

170 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు ఉన్న మనిషిని తీసుకోండి. ఎత్తుకు బరువు ఎంత తగ్గట్టుగా ఉందో చూపే లెక్క, అంటే బీఎంఐ, అతనికి 22. కాగితం మీద నిక్షేపంలాంటి మనిషి. చేతులు సన్నం, కాళ్లు సన్నం, చొక్కా కింద మాత్రం చిన్న బొజ్జ. ఆ బొజ్జను మనం పెళ్లయిందనో, వయసొచ్చిందనో సరదాగా కొట్టిపారేస్తాం. బీఎంఐ కూడా అదే పని చేస్తుంది. 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త కెట్లే ఈ లెక్క కట్టింది జనసమూహాల సగటు తెలుసుకోవడానికి, రోగిని పరీక్షించడానికి కాదు. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడ ఉంది అన్నవి దానికి తెలియవు.

దీనికి గట్టి నిదర్శనం 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన ఒక ఫొటో. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్‌కిన్ అందులో పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఒకే తూకంలో రెట్టింపుకు మించిన కొవ్వు. యాజ్ఞిక్ బృందం పుణె పరిసర గ్రామాల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చినప్పుడు తేలిందీ ఇదే. మన పిల్లలు సగటున 2.7 కిలోలు, అక్కడివారు 3.5 కిలోలు. అంత తక్కువ బరువులోనూ మన పిల్లల్లో తగ్గింది ప్రధానంగా కండ, అవయవాలు. కొవ్వు అంతగా తగ్గలేదు.

ఉత్తరాంధ్రలో కూర్చుని ఈ మాట చదివితే ఊరుకోబుద్ధి కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పని కోసం విశాఖ వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఒక తరం తల్లులు కడుపుతో ఉండి కూడా చాలీచాలని తిండితో పొలం పనులకు వెళ్లారు. వారి పిల్లలు ఇప్పుడు కుర్చీలో ఎనిమిది గంటలు, వాహనం మీద మరో గంట గడుపుతున్నారు. తక్కువ తిండికి తల్లి గర్భంలోనే సర్దుకున్న శరీరానికి మూడు పూటలా అన్నం, మధ్యలో రెండు తీపి టీలు అందుతున్నాయి. కాబట్టి పొట్టను కేవలం బద్ధకానికి శిక్షగా చూపే ఉపన్యాసాలు నాకు నచ్చవు. ఇందులో సగం కథ ఆ మనిషి పుట్టకముందే మొదలైంది.

ఇంతకీ ఆ కొవ్వు చేసే హాని ఏమిటి? చర్మం కింద వేళ్లకు చిక్కే కొవ్వు వేరు, పొట్ట కండరాల వెనుక పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు వేరు. మొదటిది నిల్వ కోసం ఉన్న చోటు. పోర్టులో గోదాములు నిండాక సరుకును దారిలోనే దించేసినట్టు, ఆ చోటు చాలనప్పుడు కొవ్వు కాలేయంలోకి, క్లోమంలోకి, పేగుల చుట్టూ చేరుతుంది. బక్కపలుచని వారిలో చాలామందికి ఆ గోదామే చిన్నది. పేగుల దగ్గరి కొవ్వు నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరతాయి. ఇన్సులిన్ మాట కాలేయం వినడం మానేస్తుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. చుక్క మద్యం ముట్టనివారి స్కానింగ్ రిపోర్టులోనూ ఫ్యాటీ లివర్ అని వస్తుంది, ఇంట్లో అనవసరమైన అనుమానాలు మొదలవుతాయి.

పైకి కనిపించే కొవ్వు అసలు దోషి కాదని 2004లోనే మరో పరిశోధన తేల్చింది. అమెరికాలో 15 మంది స్థూలకాయ మహిళలకు లైపోసక్షన్ చేసి, అంటే గొట్టంతో పీల్చి, చర్మం కింది కొవ్వును సుమారు పది కిలోల దాకా తీశారు. ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదు. బీపీ, కొలెస్ట్రాల్ కూడా మారలేదు. అటు జపాన్ సుమో మల్లయోధుల్లో, సాధన సాగినన్నాళ్లూ, అంత శరీరంలోనూ లోపలి కొవ్వు తక్కువే.

మరి మనకు కొలత ఏది? భారతీయ పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటకూడదని మన వైద్యుల ఒప్పందం. ఇంకా సులువుగా, నడుము ఎత్తులో సగానికి మించకూడదు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. ప్యాంటు సైజును నమ్మితే మోసపోతాం. మగవారిలో చాలామంది ప్యాంటును బొజ్జ కిందికి జార్చి కడతారు కాబట్టి కాలేజీ రోజుల సైజే ఇప్పటికీ సరిపోతుంది, దాన్ని గర్వంగా చెప్పుకుంటారు కూడా.

2023లో వెలువడిన, భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో వయోజనుల్లో బీఎంఐ లెక్కన స్థూలకాయం 28.6 శాతం, నడుము లెక్కన 39.5 శాతం. అంటే కనీసం 10.9 శాతం మందికి పొట్ట ఉంది, తూకంలో మాత్రం స్థూలకాయం లేదు. శిబిరాల్లో "మీకేం" అనిపించుకునేది వీరే.

ఈ మాట చెప్పగానే మరో ప్రమాదం పొంచి ఉంటుంది. లోపలి కొవ్వును ఫలానా అంకెగా చూపే జిమ్ యంత్రాలు, నడుముకు చుట్టే బెల్టులు, పొట్ట కరిగించే కషాయాలు ఇప్పటికే బజారులో ఉన్నాయి. ఆ యంత్రాలు పొట్ట లోపలికి చూడవు, విద్యుత్ నిరోధాన్ని బట్టి అంచనా కడతాయి. పొట్ట వ్యాయామాలతో పొట్టే కరుగుతుందన్నది కూడా భ్రమే. తెల్లవారుజామున వాహనాలు ఆపి నడకకు వదిలే బీచ్ రోడ్డు మనకు ఉంది. చురుకైన నడక బరువు పెద్దగా తగ్గకపోయినా లోపలి కొవ్వును తగ్గిస్తుంది. నడక ముగించి నేరుగా పూరీల బండి దగ్గర ఆగేవారి సంగతి వేరే చెప్పాలా? నడకతో పాటు దండీలు, బస్కీలు కూడా కావాలి, ఎందుకంటే రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరమే, మనకు మొదటి నుంచీ తక్కువైనదీ అదే. కంచంలో అన్నం కొంత తగ్గి, పప్పు, గుడ్డు, చేప ఆ మేరకు పెరగాలి. చేపల రేవు ఉన్న ఊరికి ఇది కష్టమైన సలహా కాదు.

సన్నగా ఉన్నవాళ్లు ఇంకేం తగ్గుతారు అనే ప్రశ్నకూ జవాబు ఉంది. బ్రిటన్‌లోని న్యూకాజిల్ పరిశోధకులు స్థూలకాయం లేని 20 మంది షుగర్ రోగుల బరువును ఆహార నియమాలతో తగ్గించారు. సుమారు 6.5 శాతం బరువు తగ్గేసరికి 14 మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. చిన్న అధ్యయనమే, వైద్యుడిని అడగకుండా మందులు మానేయడానికి ఆధారం కాదు. కానీ సన్నటి మనిషిలోనూ తగ్గించదగ్గ కొవ్వు ఉందని అది చూపింది.

2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా యోగా చేశారని ప్రభుత్వం ప్రకటించింది. అంతమందిని కదిలించగల వ్యవస్థకు నడుము కొలవడం పెద్ద పని కాదు. నిజానికి ఆశా కార్యకర్తలు 30 ఏళ్లు దాటినవారి కోసం నింపే పత్రంలో నడుము కొలతకు మార్కులు ఇప్పటికే ఉన్నాయి. ఇబ్బంది ఏమిటంటే, ఆమె ఇంటికొచ్చే వేళకు రుషికొండలో పనిచేసే కుర్రాడు ఆఫీసులో ఉంటాడు, గాజువాక కార్మికుడు షిఫ్టులో ఉంటాడు. పైగా ఆ కుర్రాడికి ఇంకా 30 నిండి ఉండవు. జపాన్ 2008 నుంచి 40 దాటినవారికి ఏటా చేసే పరీక్షల్లో నడుము కొలతను తప్పనిసరి చేసింది. మనకు షుగర్ అంతకన్నా ముందే వస్తోంది కాబట్టి పాతికేళ్లకే మొదలుపెట్టాలి, అదీ పనిచేసే చోటే జరగాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు చేసే వైద్య పరీక్షలోనూ, ఏటా కంపెనీలు చేయించే పరీక్షలోనూ బరువు పక్కన నడుముకు ఒక గడి చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. కొలత హద్దు దాటితే, బీఎంఐ ఎంతున్నా సరే, మూడు నెలల సగటు షుగర్, ట్రైగ్లిజరైడ్ల పరీక్షలు రాయాలి.