ఒంటి డ్యాబు అపశకునం

ఒక చెయ్యి మడిచి ఆ మోచేతి సందులో మొహం దాచేసుకుని రెండో చేతిని ఏటవాలుగా పైకి చాపుతారు చూడండి, అదే డ్యాబ్. 2015లో అమెరికాలోని అట్లాంటా హిప్‌హాప్ కుర్రాళ్ళ పుణ్యమా అని ఊపందుకుంది. ముందు ఎవరు కనిపెట్టారో వాళ్ళలో వాళ్ళకే తేలలేదు, స్కిప్పా డా ఫ్లిప్పా అంటారు చాలామంది, ఊరంతా పాకించింది మాత్రం మిగోస్ అనే ర్యాప్ బ్యాచ్. ఆ నవంబర్‌లో అట్లాంటా పక్కనే పెరిగిన క్యామ్ న్యూటన్ అమెరికన్ ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో టచ్‌డౌన్ (అక్కడి గోల్ అనుకోండి) కొట్టి ఇదే వేసేసరికి దేశమంతా అంటుకుంది, మర్నాడు 2016 ఫిబ్రవరిలో ఆ ఆట ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో ఆయన టీమ్ 24-10తో ఓడిపోయింది (సరే, మర్నాడు కాదు, మూడు నెలలకి), జూన్ కల్లా ఇంక నేను డ్యాబ్ చెయ్యను బాబూ అనేశాడు. అంతే, పట్టుమని ఏడాది లేదు దాని వైభవం.

పోయింది అనుకున్నాం. కానీ ఏ పిల్లాణ్ణైనా కెమెరా ముందు నిలబెట్టి చూడండి.

మా తోడల్లుడు అట్లాంటా శివార్లలో కమ్మింగ్‌లో ఇల్లు కొన్నాడు. గృహప్రవేశం ముహూర్తం తెల్లారగట్ల, చలి, ఆవు దొరక్క వెండి ఆవు బొమ్మ, మా వదిన చేతిలో కలశం, ఆయన చేతిలో వెంకటేశ్వరస్వామి పటం, వాళ్ళ పుత్రరత్నం చేతిలో అక్షింతల ప్లేటు, పక్కన తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన మా అత్తయ్యగారు సూపర్‌విజన్. కుడికాలు ఎత్తారు, ఫోటో తీసేవాడు స్మైల్ అన్నాడు, వీడు ప్లేటుతో సహా డ్యాబ్ వేశాడు. అక్షింతలన్నీ పంతులుగారి నెత్తిన.

"ఆగండి!" అని అరిచింది అత్తయ్యగారు. ఎత్తిన కాళ్ళు ఎత్తినట్టే ఉన్నాయి. "ఎవర్రా తుమ్మింది? వీడేనా? ఒంటి తుమ్ము! గడప దాటేటప్పుడు ఒంటి తుమ్మేంట్రా!"

"అమ్మమ్మా, అది స్నీజ్ కాదు, డ్యాబ్."

"మోచెయ్యి అడ్డం పెట్టుకున్నావుగా, నేను చూళ్ళేదా! కరోనా అప్పుడు టీవీలో రోజూ చూపించాడు తుమ్మితే అలాగే తుమ్మమని."

దీనికి ఎవరి దగ్గరా ఆన్సర్ లేదు. నిజం చెప్పాలంటే ఆవిణ్ణి అనడానికీ లేదు, 2017 జనవరిలో అమెరికా పార్లమెంటులో ఓ కొత్త సభ్యుడి కొడుకు ప్రమాణస్వీకారం ఫోటోలో ఇలాగే డ్యాబ్ వేస్తే, స్పీకర్ పాల్ రయాన్ అంతటి పెద్దమనిషి కూడా తుమ్మొస్తోందా బాబూ అన్నట్టు అడిగి చెయ్యి దింపించాడు. ఆయనకి తెలియంది మా అత్తయ్యగారికి తెలియాలంటే ఎలా.

ఇప్పుడు రూల్ ప్రకారం అందరూ కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. కూర్చోడానికి లోపల కుర్చీలున్నాయి కానీ లోపలికి వెళ్ళకూడదు. వర్జ్యం వచ్చేస్తోందని పంతులుగారు వాచీ చూసుకుంటున్నారు, ఆయనకి దీని తర్వాత ఆల్ఫరెట్టాలో సత్యనారాయణ వ్రతం ఉంది. చివరికి నెత్తి మీద బియ్యం దులుపుకుంటూ ఆయనే దారి చూపించారు, "ఒంటి తుమ్మయితేనే దోషం అమ్మా, జంట తుమ్ములైతే శుభం. రెండోది కూడా కానిచ్చెయ్యమనండి."

వీడు ససేమిరా అన్నాడు. నేను జోక్‌గా చేశా, ఇప్పుడు ఎవ్వరూ నిజంగా డ్యాబ్ చెయ్యరు, అమ్మమ్మ చెయ్యమంటే అస్సలు చెయ్యను, పరువు పోతుంది అని. పటం బరువుకి మా తోడల్లుడి చేతులు వణుకుతున్నాయి, మా వదిన పళ్ళ బిగువున "ఇంటికెళ్ళాక చెప్తా నీ పని" అంది, ఇల్లు ఇదే కదా అన్నాడు వీడు. ఇంక లాభం లేదని వాళ్ళ నాన్న అక్కడే రోబక్స్ (వీడియోగేమ్ డబ్బులు) బేరం మొదలుపెట్టాడు. ఎంతకి తెగిందో నాకు చెప్పలేదు, కానీ ఈసారి ఎడమ వైపుకి, బాగా గట్టిగా వేశాడు.

"చిరంజీవ, చిరంజీవ!" అంది అత్తయ్యగారు. కుడికాళ్ళు లోపలికి పడ్డాయి. పాలు పొంగించగానే స్మోక్ అలారం కూడా మోగింది, దాని సంగతి వేరే.

ఆ తర్వాత నుంచీ ఆవిడకి ఈ పద్ధతి బాగా అలవాటైపోయింది. మొన్న గుడికి బయల్దేరి అందరం కారెక్కుతుంటే మా తోడల్లుడు ఒకే ఒక్క తుమ్ము తుమ్మాడు, ఈసారి ఒరిజినల్ తుమ్మే. మేమంతా దిగుదామా వద్దా అని మొహాలు చూసుకుంటుంటే అత్తయ్యగారు సీట్ బెల్ట్ పెట్టుకుంటూ వెనక్కి కూడా తిరక్కుండా, "రెండోది నువ్వు వేసెయ్యరా కన్నా, టైమవుతోంది" అంది.