కొండ ఎక్కినవాళ్లం పాపసంకీర్తనం పీట దాకా వెళ్లలేమా?

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదలలో, మరియమాత ఉత్సవాలకి ఇసుక వేస్తే రాలదు. 1924లో ఆర్లాటి ఫాదర్ మరియమాత స్వరూపం నిలబెట్టిన కొండ అది. తలనీలాలు ఇస్తాం, కొబ్బరికాయలు కొడతాం, సిలువ దాకా మెట్లెక్కుతాం. మొక్కుని తక్కువ చెయ్యను. కానీ ఫాదర్ దగ్గర మన పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడమే పాపసంకీర్తనం కదా, కిందికి దిగాక "పాపసంకీర్తనం చేసి ఎన్నాళ్లయిందండీ?" అని అడిగి చూడండి, మాట మార్చేస్తారు.

ఏడాదికి ఒక్కసారన్నా చెయ్యాలన్నది 1215లో కతోలిక పీఠాధిపతుల లాతరన్ మహాసభ పెట్టిన కనీస నియమం. అంటే పాస్ మార్కులు. 35 వచ్చాయని మిఠాయిలు పంచుకుంటున్నాం మనం.

పోనీ, చేసేవాళ్లం ఎలా చేస్తున్నాం? "కోపపడ్డాను, అబద్ధాలాడాను, గుడికి రాలేదు ఫాదర్." అర నిమిషంలో అయిపోయింది! చావైన పాపమైతే, అంటే తెలిసీ కావాలనీ చేసిన పెద్ద పాపమైతే, ఏ పాపమో, ఎన్నిసార్లో చెప్పాలి. "గుడికి రాలేదు" అంటే జ్వరమొచ్చి మంచంలో ఉన్నారా? అది పాపమే కాదు. "ఒంట్లో బాగానే ఉంది, మూడు ఆదివారాలు కావాలనే పూజ ఎగ్గొట్టాను" అనండి, అప్పుడు తెలుస్తుంది. అలాగే "అబద్ధం" అన్న మాట వెనక పొలం అమ్మేటప్పుడు దాచిన గట్టు తగాదా ఉంటే అది "దొంగిలించకు" అన్న ఏడో ఆజ్ఞ లెక్క. దానికి మరియమాతకి మూడు మంగళవార్త జపాలు చెప్పుకుంటే సరిపోదు, కొన్నవాడికి జరిగిన నష్టం కట్టివ్వాలి. ఇక అత్తగారి పాపాలు, ఆడపడుచు పాపాలు ఏకరువు పెట్టేవాళ్లున్నారు. వాళ్లవి వాళ్లు చెప్పుకుంటారు లెండి.

ముందురోజు రాత్రి ఫోను పక్కనపెట్టి, పది ఆజ్ఞలూ ఒక్కొక్కటి తీసుకుని పావుగంట ఆత్మశోధన చేసుకోండి. వరుసలో నిలబడి, ముందువాడి వీపు చూస్తూ గుర్తుచేసుకుంటే గుర్తొచ్చేది ఆ "కోపపడ్డాను" ఒక్కటే.

అన్నిటికంటే ప్రమాదం దాచడం. మరిచిపోయిన పాపం మిగతావాటితోపాటు క్షమించబడుతుంది, గుర్తొచ్చాక వచ్చేసారి చెప్తే చాలు. సిగ్గుపడి ఒక్క చావైన పాపం కావాలని దాచారా, చెప్పినవాటికి కూడా క్షమాపణ లేదు, పైగా దైవద్రోహం. మన ఫాదర్ గారు గొంతు గుర్తుపడతారని భయమైతే పక్క విచారణకి, అంటే వేరే ఫాదర్ గారి చర్చికి, వెళ్లండి, ఎవరూ తప్పుపట్టరు. విన్నది బయటపెట్టిన గురువుకి శ్రీసభ (కతోలిక సంఘం) నుంచి బహిష్కారం దానంతటదే పడుతుంది, తీర్పు కోసం ఆగక్కర్లేదు.

గురువులకీ ఒక మాట. ఆదివారం పూజకి పావుగంట ముందు వచ్చి కూర్చుంటే, మనిషికి మూడు నిమిషాల చొప్పున అయిదుగురు. వరుసలో ఆరోవాడు ఏం కావాలి స్వామీ? శనివారం సాయంత్రం గంటసేపు పీటలో కూర్చోండి. మొదటి రెండు వారాలు ఎవరూ రాకపోయినా కూర్చోండి.