ద్వేషం విలన్ ఇంట్లోనే ఉంటుందా?

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యను ఆస్పత్రిలో చూపించి బయటికి వస్తున్న దళిత యువకుణ్ణి నరికి చంపారు. చేయించింది అమ్మాయి తండ్రే అని పోలీసులు చెప్పారు. సరిగ్గా రెండు వారాలకు, సెప్టెంబర్ 28న, మారి సెల్వరాజ్ తీసిన తమిళ సినిమా ‘పరియేరుం పెరుమాళ్’ విడుదలైంది. నేను చాలా తర్వాత ఫోన్‌లో, సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూశాను. చూస్తున్నంతసేపూ మా నల్గొండ ముచ్చటే అనిపించింది.

అందులో దళిత అబ్బాయితో స్నేహం చేసే పైకులం అమ్మాయి తండ్రి రాక్షసుడు కాదు. బంధువులు అబ్బాయిని గదిలో వేసి కొట్టి, మీద మూత్రం పోస్తే, ఈయన వచ్చి, మావాళ్లు నిన్నే కాదు, నా బిడ్డను కూడా చంపేస్తారు, వదిలెయ్ అని బతిమాలుతాడు. బిడ్డ మీద ప్రేమ ఉంది, కులపోళ్లంటే భయం ఉంది, ఎదిరించే దమ్ము మాత్రం లేదు. ఇంకో ముసలాయన పరువు హత్యలు చేస్తుంటాడు, పైసా తీసుకోడు, అదంతా దేవుడి పని అనుకుంటాడు. మిర్యాలగూడ కేసులో కోటి రూపాయల సుపారీ అన్నారు పోలీసులు. పైసలకు చంపేవాడి కన్నా ఈ ముసలాయనే నన్ను ఎక్కువ భయపెట్టాడు, ఎందుకంటే ఆయనకు రాత్రి నిద్ర బాగానే పడుతుంది.

మన దగ్గర 2021లో వచ్చిన ‘ఉప్పెన’ పరువు పిచ్చి ఎంత ఘోరానికి దిగుతుందో చూపించింది, ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ అందులో తండ్రి పచ్చి క్రూరుడు. హాల్లో కూర్చున్న ఏ తండ్రీ ఆయనలో తనను చూసుకోడు, హీరో తరఫున కన్నీళ్లు పెట్టుకుని ఇంటికి వెళ్తాడు, మర్నాడు పిల్లకు సంబంధం వస్తే మొట్టమొదట అడిగేది కులమే.

హత్య జరిగిన రోజుల్లో చాయ్ హోటల్ కాడ నేను పదే పదే విన్న మాట: ‘చంపుడు తప్పే గానీ, కన్నతండ్రి బాధ ఎవరికి ఎరుక?’ 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కోర్టు చంపినవాళ్ల సంగతి తేల్చింది, ఆ ‘గానీ’ జోలికి మాత్రం ఏ కోర్టూ పోలేదు. అక్కడిదాకా పోగలిగేది సినిమానే అని నా నమ్మకం.

‘పరియేరుం పెరుమాళ్’ చివర్లో ఆ తండ్రి, ముందు ముందు ఏమన్నా మారుతుందేమో అంటాడు. మీరు మీలాగే ఉండి, నేను కుక్కలా పడి ఉండాలనుకున్నంత కాలం ఏదీ మారదు అంటాడు అబ్బాయి. ఆ తర్వాత పక్కపక్కన రెండు టీ గ్లాసులు, మధ్యలో ఒక పువ్వు, అంతే. పాలమూరు, నల్గొండ పల్లెల్లో హోటళ్ల కాడ దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు ఆ షాట్ ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

అలాంటి సినిమా మా యాసలో రావాలి. అందులో తండ్రి పాత్రను మొదటి సీన్లోనే కత్తితో చూపించొద్దు. ఇంటర్ పాసైన బిడ్డకు స్కూటీ కొనిచ్చి, పడిపోతదేమోనని వెనక పట్టుకుని గల్లీ పొడుగునా ఉరుకుతూ కనిపించాలి.