గంటకు 90 డాలర్లను 208తో గుణించకండి

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల్లో ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఒక వాట్సాప్ సందేశం విస్తృతంగా తిరుగుతోంది. నేను ఒంగోలులో ఇంటర్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను కనుక తల్లిదండ్రులు దాన్ని నాకు పంపి "ఏమంటారు మాస్టారూ, పిల్లవాణ్ణి పంపించమంటారా?" అని అడుగుతున్నారు. సందేశంలో ఉన్నది ఇది: అమెరికాలో ప్రాంతీయ విమాన సంస్థలు (పెద్ద సంస్థల తరఫున విమానాలు నడిపేవి) పైలట్లతో కొత్త వేతన ఒప్పందం చేసుకున్నాయి, కొత్తగా చేరినవారికే గంటకు 90 డాలర్లు, రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు, అంటే 208 గంటలు వేసుకుంటే నెలకు 16 లక్షల రూపాయలు. ఇంటర్ ఉంటే చాలు, 90 లక్షల ఖర్చుతో 18 నెలల శిక్షణ, ఏడాదిలో కెప్టెన్. పైలట్ల కొరత ఉంది కనుక వీసా సంగతి కంపెనీయే చూసుకుంటుంది. ఒప్పందం ఉంది కనుక జీతం తగ్గదు, ఉద్యోగం పోదు. రెండేళ్లలో అప్పు తీరిపోతుంది.

ఇది నమ్మి పొలం బేరం పెట్టినవారిని చూశాను. అందుకే ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు నిజమెంతో చెప్పాలి. 90 డాలర్ల అంకె గాలిలోంచి పుట్టలేదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత అనుబంధ సంస్థలైన పీడ్‌మాంట్, ఎన్వాయ్ 2022 జూన్‌లో జీతాలను భారీగా పెంచాయి. మొదటి ఏడాది ఫస్ట్ ఆఫీసర్‌కు, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే రెండో పైలట్‌కు, గంటకు 90 డాలర్లు, మొదటి ఏడాది కెప్టెన్‌కు 146 డాలర్లు ప్రకటించాయి. ఆ దేశంలో ప్రాంతీయ సంస్థల పైలట్లు ఎన్నో ఏళ్లు చాలీచాలని జీతాలతో నెట్టుకొచ్చారు. 2009 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర కోల్గాన్ అనే ప్రాంతీయ సంస్థ నడిపిన విమానం కూలి 50 మంది చనిపోయారు. దాని విచారణలో ఫస్ట్ ఆఫీసర్ జీతం ఏడాదికి 20 వేల డాలర్ల చుట్టూనే ఉందని బయటపడింది. అక్కడి నుంచి 90 డాలర్ల దాకా రావడం చిన్న విషయం కాదు. ఆ పెంపును నేను మనస్ఫూర్తిగా హర్షిస్తాను. నా అభ్యంతరమంతా దాన్ని చూపి ఇక్కడ చేస్తున్న గుణకారం మీదే.

"రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు" అన్నది మొత్తం సందేశానికి పునాది. ఆ పునాదే తప్పు. పైలట్‌కు గంట రేటు ఉద్యోగంలో ఉన్న ప్రతి గంటకూ రాదు. విమానం గేటు దగ్గర నుంచి కదిలిన క్షణం మొదలు, దిగిన ఊళ్లో గేటు దగ్గర ఆగే క్షణం వరకు ఉండే సమయానికే వస్తుంది. దాన్ని అక్కడ బ్లాక్ టైమ్ అంటారు. ఇంటి నుంచి విమానాశ్రయానికి రావడం, వాతావరణ నివేదికలు చదవడం, విమానాన్ని చుట్టూ తిరిగి పరిశీలించడం, ప్రయాణికులు ఎక్కేదాకా కూర్చోవడం, రెండు విమానాల మధ్య మూడు గంటలు ఎదురుచూడడం ఇవన్నీ పనే, కానీ సాధారణంగా వీటికి గంట రేటు కట్టరు. ఒక రోజు పన్నెండు గంటలు డ్యూటీలో ఉన్న పైలట్‌కు అయిదు గంటల జీతమే రావచ్చు. సుదీర్ఘ నిరీక్షణకు కొంత కనీస చెల్లింపు ఉండాలని యూనియన్లు కొన్ని ఒప్పందాల్లో రాయించుకున్నాయి. అంత పోరాడి రాయించుకోవలసి వచ్చిందంటేనే మామూలు పద్ధతి ఎలా ఉంటుందో అర్థమవుతుంది.

పైగా నెలకు 208 గంటలు విమానం నడపడం అమెరికాలో చట్టవిరుద్ధం. అక్కడి విమానయాన నిబంధనల ప్రకారం ప్రయాణికుల విమాన సంస్థల పైలట్ వరుసగా 28 రోజుల్లో 100 గంటలకు మించి, ఏడాదిలో 1,000 గంటలకు మించి ఎగరకూడదు. అలసిన పైలట్ చేతిలో ప్రాణాలు పెట్టకూడదని ఆ పరిమితి. మన సందేశం లెక్కలో ఏడాదికి 2,496 గంటలు వస్తాయి, అంటే చట్టం ఒప్పుకున్నదానికి దాదాపు రెండున్నర రెట్లు. ఈ అంకె రాసినవారికి విమానయానం తెలియకపోవాలి, లేదా తెలిసి రాసి ఉండాలి. రెండింటిలో ఏదైనా 90 లక్షలు వారి మాట మీద పెట్టడానికి వీల్లేదు.

మరి నిజంగా ఎంత వస్తుంది? ఈ ఒప్పందాల్లో నెలవారీ గ్యారంటీ అని ఒకటి ఉంటుంది. ఎగిరే పని తక్కువున్నా ఇన్ని గంటలకు జీతం ఇస్తామన్న హామీ అది. సాధారణంగా 75 గంటల చుట్టూ ఉంటుంది. 90ని 75తో గుణిస్తే నెలకు 6,750 డాలర్లు, ఏడాదికి 81 వేలు. డాలరుకు 85 రూపాయలు వేసుకుంటే నెలకు 5 లక్షల 74 వేలు. సందేశంలో చెప్పిన 16 లక్షలు ఎక్కడ, ఇది ఎక్కడ! ఇందులోంచి సామాజిక భద్రత, మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) కింద 7.65 శాతం పోతుంది. ఆ పైన కేంద్ర ఆదాయపు పన్ను, చాలా రాష్ట్రాల్లో రాష్ట్రపు పన్ను. ఊరు విడిచి ఉన్న గంటలకు భోజన భత్యం ఇస్తారు కానీ అది గంటకు రెండు డాలర్ల చుట్టూ ఉంటుంది, తిండికే సరిపోతుంది. కొత్తవాడికి తనకు నచ్చిన ఊరు డ్యూటీ కేంద్రంగా దొరకదు. ఇల్లు ఒక ఊళ్లో, డ్యూటీ మరొక ఊళ్లో అయినవారు నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకొని వంతులవారీగా నిద్రపోతారు. కిలోకు 30 తూగే పెద్ద రొయ్య ధర విని కిలోకు 100 తూగే చిన్న రొయ్యల పట్టుబడికి లెక్క కట్టే రైతు మన తీరంలో ఉండడు. కానీ అదే రైతు కొడుకు చదువు దగ్గరకు వచ్చేసరికి ఈ 16 లక్షలను ప్రశ్నించకుండా ఒప్పుకుంటున్నాడు.

మరొకటి. 2022 నాటి ఆ 90 డాలర్లలో కొంత భాగం గడువుతో ఇచ్చిన అదనం. 2024 ఆగస్టు చివరి వరకు 50 శాతం ఎక్కువ ఇస్తామని అప్పటి ప్రకటనలోనే ఉంది. గడువు పెట్టి ఇచ్చినదాన్ని కొనసాగించాలంటే మళ్లీ అంగీకారం కావాలి. అదీ కాక, "అమెరికా ప్రాంతీయ సంస్థల ఒప్పందం" అంటూ అందరికీ వర్తించే కాగితం ఏదీ లేదు. ప్రతి సంస్థకూ దాని పైలట్లకూ మధ్య వేరువేరు ఒప్పందం, వేరువేరు పట్టిక. ఫస్ట్ ఆఫీసరా, కెప్టెనా, చేరి ఎన్నేళ్లయింది అన్నదాన్ని బట్టి రేటు మారుతుంది. ఒక సంస్థ పట్టికలోంచి ఒక గడిని కత్తిరించి దేశమంతటికీ అంటించడం మోసానికి తక్కువ కాదు.

"ఇంటర్ చాలు, 18 నెలలు చాలు." ఈ మాట నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది, ఎందుకంటే ఇది నేరుగా నా విద్యార్థుల మీదకు వచ్చేది. కోల్గాన్ ప్రమాదం తరువాత చనిపోయినవారి కుటుంబాలు ఏళ్ల తరబడి వాషింగ్టన్ చుట్టూ తిరిగాయి. 2010లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది, 2013లో నిబంధన అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రయాణికుల విమాన సంస్థలో ఫస్ట్ ఆఫీసర్‌గా కూర్చోవాలన్నా మొత్తం 1,500 గంటల అనుభవం ఉండాలి. విమానయాన డిగ్రీ చేసినవారికి 1,000, సైన్యంలో పైలట్‌గా పనిచేసినవారికి 750 గంటల దాకా సడలింపు ఉంది. 18 నెలల శిక్షణ ముగించిన కుర్రవాడి చేతిలో సుమారు 250 గంటలు ఉంటాయి. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు చాలు కనుక, ఆ తేడా ఇక్కడివారికి తోచదు.

మిగిలిన 1,250 గంటలు ఎలా వస్తాయి? అమెరికా కుర్రవాళ్లలో ఎక్కువమంది శిక్షకులుగా చేరి, కొత్తవాళ్లకు చిన్న విమానాల్లో నేర్పుతూ గంటలు కూడబెడతారు. దానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఆ కాలంలో వచ్చే జీతం 90 డాలర్ల దరిదాపుల్లో ఉండదు. మన పిల్లవాడు ఆ పని చేయాలంటే అక్కడ పని చేసే అనుమతి కావాలి. ఇక్కడే వీసా మాట వస్తుంది.

"వీసా కంపెనీయే చూసుకుంటుంది" అన్నది శుద్ధ అబద్ధమని నేను గట్టిగా చెబుతాను. విమాన శిక్షణకు వెళ్లే విదేశీ విద్యార్థులకు ఎక్కువగా ఎం-1 వీసా ఇస్తారు. అది వృత్తి శిక్షణ వీసా. నాలుగు నెలల చదువుకు ఒక నెల చొప్పున, గరిష్ఠంగా ఆరు నెలలే దాని మీద పని చేయనిస్తారు. విశ్వవిద్యాలయంలో డిగ్రీతో కలిపి శిక్షణ పొందేవారికి ఎఫ్-1 వస్తుంది, చదువు పూర్తయ్యాక ఏడాది పని చేయవచ్చు. కానీ ఆ దారికి 18 నెలలు కాదు, నాలుగేళ్లు పడుతుంది, ఖర్చూ ఆ మేరకు పెరుగుతుంది. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు వెళ్లే హెచ్-1బి వీసా ప్రత్యేక డిగ్రీ తప్పనిసరి అయిన ఉద్యోగాలకు. విమాన సంస్థలో పైలట్ ఉద్యోగానికి చట్టం డిగ్రీ అడగదు కనుక అందులో ఇమడడం చాలా కష్టం. కొన్ని ప్రాంతీయ సంస్థలు ఆస్ట్రేలియా పైలట్లను తీసుకున్న మాట నిజమే. వారికి ఇ-3 అనే ప్రత్యేక వీసా ఉంది, అది ఆస్ట్రేలియా పౌరులకు మాత్రమే. అమెరికా ప్రాంతీయ సంస్థల ఉద్యోగ ప్రకటన ఏది తెరిచినా, అక్కడ శాశ్వతంగా పని చేసే హక్కు ఉండాలన్న షరతే సాధారణంగా కనిపిస్తుంది. గ్రీన్ కార్డు కోసం భారతీయులు ఎన్నేళ్లు వేచి ఉంటారో ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు చెప్పగలరు. కనుక ఆ 90 డాలర్లు ఎవరికైనా రావచ్చు గాక, శిక్షణ వీసా మీద వెళ్లిన మన కుర్రవాడికి వచ్చే దారి ఈ సందేశంలో ఎక్కడా లేదు.

"ఏడాదిలో కెప్టెన్" అన్నదాన్ని త్వరగా తేల్చవచ్చు. ఇలాంటి సంస్థలో కెప్టెన్ కావాలంటే ముందు 1,000 గంటలు ఫస్ట్ ఆఫీసర్‌గా ఎగరాలన్నది నిబంధన. నెలకు 75 గంటలు తప్పకుండా ఎగిరినా పదమూడు నెలలు దాటుతుంది. కొత్తవారిని పిలుపు కోసం వేచి ఉండే రిజర్వులో పెడతారు, అందులో ఎగిరే గంటలు తక్కువ.

"ఒప్పందం ఉంది కనుక ఉద్యోగం పోదు." అమెరికా విమాన సంస్థల కార్మిక ఒప్పందాలు 1926 నాటి రైల్వే కార్మిక చట్టం కింద నడుస్తాయి; 1936లో దాన్ని విమానయానానికి విస్తరించారు. గడువు తేదీ వచ్చినా ఒప్పందం రద్దు కాదు, సవరణకు తెరుచుకుంటుంది, కొత్తది కుదిరేదాకా పాత నిబంధనలే సాగుతాయి. ఇది పైలట్లకు మంచి రక్షణే. అయితే సంస్థే మూతబడితే ఒప్పందం ఎవరిని కాపాడుతుంది? ప్రాంతీయ సంస్థలు ఎక్కువగా సొంతంగా టికెట్లు అమ్ముకోవు. అమెరికన్, డెల్టా, యునైటెడ్ వంటి పెద్ద సంస్థల పేరుతో, వాటి తరఫున విమానాలు నడుపుతాయి. పెద్ద సంస్థ పని తీసేసుకుంటే అక్కడితో సరి. 2020 ఏప్రిల్‌లో ట్రాన్స్ స్టేట్స్, కంపాస్ అనే రెండు ప్రాంతీయ సంస్థలు వారం తిరగకుండా ఒకదాని వెనుక ఒకటి ఆగిపోయాయి. అదే ఏడాది సెప్టెంబరు చివరికి ఎక్స్‌ప్రెస్‌జెట్ యునైటెడ్ తరఫున నడిపే విమానాలు ముగిశాయి. సీనియారిటీ ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు రాదు. పదిహేనేళ్లు కెప్టెన్‌గా ఉన్నవాడు కొత్త చోట వరుసలో చివరి మనిషిగా చేరాలి. మన దగ్గర 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు జీతాల బకాయిలతో పైలట్లు రోడ్డెక్కడం మనం టీవీల్లో చూసిందే.

కొరత మాటకూ గడువుంది. 2022లో కొరత నిజం. కోవిడ్ కాలంలో పెద్ద సంస్థలు ముందస్తు పదవీ విరమణలు ఇచ్చి, తరువాత ప్రాంతీయ సంస్థల నుంచి పైలట్లను లాగేసుకున్నాయి. జీతాలు పెరిగింది అందుకే. తరువాత ప్రాంతీయ సంస్థలకు కెప్టెన్లు తక్కువై, కొత్త ఫస్ట్ ఆఫీసర్లు ఎక్కువయ్యారు. ఈ రోజు శిక్షణలో చేరేవాడు ఉద్యోగానికి వచ్చేది మూడు నాలుగేళ్ల తరువాత. అప్పటి గిరాకీని ఈ రోజు వాట్సాప్ ఎలా చెబుతుంది?

అమెరికాలో కుదరకపోతే తిరిగి వచ్చి ఇక్కడ చేరవచ్చు కదా అని ఒక తండ్రి అడిగారు. చేరవచ్చు. కానీ అమెరికా లైసెన్సు ఇక్కడ నేరుగా చెల్లదు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు రాయాలి, క్లాస్-1 వైద్య పరీక్ష నెగ్గాలి, రేడియో లైసెన్సు తెచ్చుకోవాలి, ఆపైన ఎయిర్‌బస్ లేదా ఏటీఆర్ వంటి విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే ప్రత్యేక అర్హత) చేయాలి. దానికి మళ్లీ లక్షల్లో ఖర్చు, జీతం రూపాయల్లో. పిల్లవాడికి నిజంగా ఆసక్తి ఉంటే, డబ్బు కట్టకముందే వైద్య పరీక్ష చేయించండి. రంగులు గుర్తించడంలో లోపం వంటివి ముందే తెలిస్తే డబ్బు కట్టకముందే ఆగవచ్చు.

ఇక "రెండేళ్లలో అప్పు తీరుతుంది". మన దగ్గర చేబదులు వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. 90 లక్షలకు నెలకు లక్షా 80 వేలు, ఏడాదికి 21 లక్షల 60 వేలు. అన్నీ అనుకూలించి, పని చేసే హక్కు ఎలాగో దొరికి, ఏడాదిన్నర శిక్షణ, రెండేళ్ల శిక్షకుడి పని ముగిసి ఫస్ట్ ఆఫీసర్‌గా చేరిన రోజుకు వడ్డీ ఒక్కటే 75 లక్షల 60 వేలు అవుతుంది, వడ్డీకి వడ్డీ వేయకుండానే. ఆ రోజుకు అసలులో ఒక్క రూపాయి తగ్గదు. చేరిన మొదటి ఏడాది 81 వేల డాలర్లు, అంటే పన్నులు కట్టకముందు, అద్దె కట్టకముందు, అన్నం తినకముందు 68 లక్షల 85 వేలు. అప్పటిదాకా పేరుకున్న వడ్డీకే అది చాలదు.